నీళ్ళ లెక్కలు, కాకి లెక్కలు

ముందే చెప్పేస్తున్నా, ఇది కొంచెం పొడుగ్గానే ఉంటుంది. అంకెలు కూడా ఉంటాయి. అంకెలంటే పడనివాళ్ళు మధ్యలో దాటేసి చివరికెళ్ళిపోవచ్చు, నేనేమీ అనుకోను. కానీ మీరు బెంగళూరులోనో హైదరాబాదులోనో అపార్ట్‌మెంటులో ఉంటూ, ఊళ్ళో మీవాళ్ళు ఇంకా సేద్యం చేస్తూ ఉంటే మాత్రం ఓపిక చేసుకుని మొత్తం చదవండి. ఇది మీ కథ కూడా అయ్యే అవకాశం చాలా ఉంది.

2024 మార్చి. బెంగళూరులో నీళ్ళ గొడవ గుర్తుండే ఉంటుంది. అంతకు ముందటేడు వానలు మొహం చాటేశాయి. నగరంలో ఉన్న దాదాపు 14 వేల ప్రభుత్వ బోర్లలో సగం దాకా ఎండిపోయాయని ప్రభుత్వమే చెప్పింది. తాగే నీళ్ళతో కారు కడిగితే 5 వేలు జరిమానా అన్నారు. ట్యాంకర్ల రేట్లకి సర్కారే హద్దు పెట్టాల్సొచ్చింది. మా అపార్ట్‌మెంటు ఊరికి తూర్పు వైపు, అప్పటికింకా కావేరి పైపు రాని చోట ఉంది. మొత్తం 120 ఫ్లాట్లు, రెండు బోర్లు. మిగతాదంతా ట్యాంకరు దేవుడి దయ.

నా ఉద్యోగం గురించి ఒక్క ముక్క చెప్పాలి. సర్వర్లు ఎలా ఉన్నాయో, ఎప్పుడు పడిపోబోతున్నాయో చూపించే డాష్‌బోర్డులు తయారు చెయ్యడం నా పని. ఈ సంగతి అసోసియేషన్ మీటింగులో ఎవరో బయటపెట్టారు. ఇంకేముంది, "మన నీళ్ళకి కూడా ఒకటి చేసిపెట్టవయ్యా" అన్నారు. ఆ వారమంతా రాత్రుళ్ళు కూర్చుని గూగుల్ షీట్‌లో చేసేశా. ఏ రోజు ఎన్ని ట్యాంకర్లు వచ్చాయి, బోర్లు ఎన్ని గంటలు ఆడాయి, ఏ బ్లాకులో ఎంత వాడకం... అన్నీ రంగురంగుల గీతలతో. పట్టణాల్లో మనిషికి రోజుకి 135 లీటర్లు అని ప్రభుత్వ ప్రమాణం ఒకటుంది కదా, దాన్ని ఎర్ర గీతగా పెట్టా. గీత దాటిన ఫ్లాట్ల నంబర్లు వాట్సాప్ గ్రూపులో పడేవి. సిగ్గు అనేది ఎంత పని చేస్తుందో అప్పుడే తెలిసింది :)

ఆరు వారాల్లో రోజుకి 70 వేల లీటర్ల వాడకం 55 వేలకి దిగింది. కుళాయిలకి నీటి ధార తగ్గించే జాలీలు బిగించడం, ఆర్వో నుంచి వృథాగా పోయే నీళ్ళు పట్టి గచ్చు కడగడం, అంతే. 21 శాతం తగ్గుదల. గ్రూపులో చప్పట్ల బొమ్మలు. ఒక అంకుల్ అయితే నన్ను లిఫ్టులో ఆపి భుజం తట్టారు.

సరిగ్గా ఆ మరుసటి వారం మా రెండు బోర్లూ ఎండిపోయాయి.

అదేంటి, డాష్‌బోర్డు అంతా పచ్చగానే ఉందే అని చాలాసేపు ఆలోచించా. తర్వాత వెలిగింది. నేను కొలిచిందంతా మా ఖర్చు. బ్యాంకులో బ్యాలెన్సు ఎంతుందో ఒక్కసారి కూడా కొలవలేదు. బోరులో నీళ్ళు ఎన్ని అడుగుల లోతులో ఉన్నాయన్న కాలమే నా షీటులో లేదు. జీతం ఎంతొస్తుందో తెలీకుండా, "ఈ నెల ఖర్చు 21 శాతం తగ్గించాం" అని ఇంట్లో మురిసిపోవడం లాంటిది ఇది. సర్వర్ల విషయంలో డిస్కులో ఖాళీ ఎంతుందో చూడకుండా మానిటరింగ్ పెట్టానంటే మా మేనేజరు ఊరుకుంటాడా?

ఇంకో తప్పు కూడా ఉంది, అది ఇంకా పెద్దది. ట్యాంకరు నీళ్ళని నేను 'సప్లై' అనే కాలంలో వేశా. ఆ నీళ్ళెక్కడివి? ఊరి బయట ఎవరిదో పొలంలో బోరువి. మా లెక్కలో అది రాబడి. అక్కడ అది ఖర్చు. అక్కడ లెక్క రాసేవాడెవడూ లేడు.

* * *

ఇది ఇలా ఉండగా ఊరి నుంచి మా నాయన ఫోను. మాది ఒకప్పటి అనంతపురం జిల్లాలో, ఇప్పటి సత్యసాయి జిల్లాలో ఒక పల్లె. ఎనిమిదెకరాల పొలం, అందులో ఐదెకరాలు చీని తోట.

"ఇంగొక బోరు ఏపిద్దామనుకుంటాండా రా. తొమ్మిది నూర్ల అడుగులు పోతే పడ్తాయంటాండారు."

"ఎంతవుతుంది నాయనా?"

"మోటారు, పైపులు అంతా కలిపి రెండు లచ్చలు పెట్టుకో."

అంతకు ముందు వేసిన వాటిల్లో రెండు ఫెయిలు. ఆ రెండింటికీ డబ్బు పంపింది నేనే. నేను కాసేపు మాట్లాడలేదు. ఆయనకి అర్థమయిపోయింది.

"చెట్లు కండ్ల ముందర ఎండిపోతాంటే సూస్తా కూర్చోమంటావా?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. వారం టైము అడిగా. ఆ వారంలో చదివిందీ, తర్వాత చేసిందీ చెప్పడానికే ఇదంతా రాస్తున్నా.

'నీళ్ళు ఇలాగే వాడుకుంటూ పోతే ఎన్నాళ్ళొస్తాయి' అనే ప్రశ్నకి ప్రపంచం తయారుచేసుకున్న కొలబద్దలు చాలానే ఉన్నాయి. వాటిల్లో బాగా పేరున్నది 1989లో స్వీడన్ జలశాస్త్రవేత్త మలిన్ ఫాల్కెన్‌మార్క్ చెప్పినది. దేశంలో ఏడాదికి దొరికే నీళ్ళని జనాభాతో భాగించడమే. మనిషికి 1700 ఘనపు మీటర్ల కంటే తగ్గితే ఒత్తిడి, 1000 కంటే తగ్గితే కొరత. కేంద్ర జల సంఘం లెక్కన 2021లో మన దేశంలో తలకి 1486. అంటే ఒత్తిడిలో ఉన్నాం కానీ కొరతలో లేం. లెక్క చాలా సులువు, అందుకే అందరికీ నచ్చింది. కానీ ఇందులో నీళ్ళెంత 'ఉన్నాయో' ఉంది, ఎంత 'వాడుతున్నామో' లేదు. బ్రహ్మపుత్రలో పారే నీళ్ళలో నా వాటా కూడా ఇందులో కలిసే ఉంటుంది. దాంతో మా నాయన చెట్లకి ఏం ఒరుగుతుంది?

2015లో ఐక్యరాజ్యసమితి పెట్టుకున్న సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో ఆరోది నీళ్ళది. అందులో 6.4 కింద రెండు సూచికలున్నాయి. రెండోదాన్ని, అంటే 6.4.2ని ముందు చెప్తా, ఎందుకంటే అది బుద్ధిగా కట్టిన లెక్క. దొరికే మంచినీళ్ళలోంచి ముందు నదులు, చెరువులు బతకడానికి కావలసిన వాటా తీసి పక్కన పెడతారు. మిగిలినదాంట్లో మనం ఎంత శాతం తోడుతున్నామో చూస్తారు. 25 శాతం లోపైతే ఒత్తిడి లేనట్టు, 75 దాటితే తీవ్రం, 100 దాటితే మరీ ప్రమాదం. నదికి కూడా నీళ్ళు కావాలి అన్న మాట ఒక భిన్నం హారంలో కనపడ్డం నాకు భలే నచ్చింది.

ఇక మొదటిది, 6.4.1. నీటి వినియోగ సామర్థ్యం. ఒక ఘనపు మీటరు నీళ్ళు వాడి ఎన్ని డాలర్ల విలువ సృష్టించారు? ఇది చదివినప్పుడు కుర్చీలో కొంచెం ఇబ్బందిగా కదిలా. ఈ లెక్కన నేను మహా సమర్థుణ్ణి. ఆఫీసులో నాలుగు గ్లాసుల నీళ్ళు తాగి, రెండుసార్లు చేతులు కడుక్కుని, రోజుకి వేలల్లో విలువ సృష్టిస్తున్నా. మా నాయన చెట్టుకి రోజూ 60 లీటర్లు పెట్టి, ఏడాది చివర వ్యాపారి చెప్పిన రేటుకి కాయలు అమ్ముకుంటున్నాడు. ఆయన దగ్గర నీళ్ళు తీసి నాకిస్తే దేశం సూచిక పెరుగుతుంది! నవ్వులాటకి అనడం లేదు. బెంగళూరు చుట్టుపక్కల ట్యాంకర్లు రోజూ చేస్తున్నది సరిగ్గా ఇదే. అంటే ఏమిటి? సామర్థ్యం వేరు, నిలకడ వేరు. మొదటిది ఎంత పెరిగినా రెండోది పడిపోవచ్చు.

ఇది మా ఇంట్లోనే జరిగింది కూడా. ఒకప్పుడు చెట్ల పాదులకి కాలవల్లో నీళ్ళు పారేవి. తోట మూడెకరాలుండేది. సబ్సిడీలో డ్రిప్పు వచ్చింది. చెట్టుకయ్యే నీళ్ళు బాగా తగ్గిపోయాయి. మరి మిగిలిన నీళ్ళేమయ్యాయి? మా నాయన ఇంకో రెండెకరాలు చెట్లు పెట్టాడు. ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే చేసేవాణ్ణి. కోడు వేగంగా నడిచేలా చేస్తే, మిగిలిన సర్వర్లు వెనక్కిచ్చేశామా? ఇంకో నాలుగు ఫీచర్లు ఎక్కించలేదూ?

* * *

సరే, అసలు మనకి పనికొచ్చే సూచిక కేంద్ర భూగర్భ జల మండలి వాళ్ళది. సూత్రం ఒక్క లైనే. ఏడాదిలో తోడిన నీళ్ళు, భాగించు ఏడాదిలో తోడదగ్గ నీళ్ళు, ఇంటూ వంద. 70 లోపు ఉంటే సేఫ్, 90 దాకా సెమీ క్రిటికల్, 100 దాకా క్రిటికల్, 100 దాటితే ఓవర్ ఎక్స్‌ప్లాయిటెడ్. అంటే వానలు నింపినదానికంటే ఎక్కువ తోడేస్తున్నారని. 2024 లెక్కల్లో దేశం మొత్తానికి ఇది 60.47 శాతం. హమ్మయ్య, సేఫ్!

కానీ అదే నివేదికలో పంజాబు, రాజస్థాన్‌లు 150 చుట్టుపక్కల ఉన్నాయి. లెక్కించిన 6746 బ్లాకులు, మండలాలు, తాలూకాల్లో 751 వంద దాటేశాయి. మన ఆంధ్రప్రదేశ్ సంగతి చూస్తే రాష్ట్రం మొత్తం 30 శాతం దగ్గర్లో చాలా నిశ్చింతగా కనిపిస్తుంది. ఎలా కనిపించదు? కాలవల కింద వరి పండే గోదావరి, కృష్ణా డెల్టాలు, ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ మాత్రమే వాన పడే అనంతపురం ఒకే సంచిలో వేసి కలిపారు కదా. పి99 అనే మాట తెలిసిన మనకి ఈ మోసం కొత్తేమీ కాదు. సగటు రెస్పాన్స్ టైం బ్రహ్మాండంగా ఉంటుంది, వందలో ఒక్కడికి మాత్రం పేజీ తెరుచుకోనే తెరుచుకోదు. సపోర్టుకి ఫోన్ చేసేది ఆ ఒక్కడే.

ఇక్కడ ఆ శాఖవాళ్ళని తప్పు పట్టట్లేదు. వాళ్ళు రాష్ట్రాలతో ఆగకుండా మండలం దాకా వెళ్ళి లెక్కిస్తున్నారు. దేశమంతా ఏడాదికి నాలుగుసార్లు బావుల్లో నీటిమట్టం కొలుస్తున్నారు. ఈ ఏడాది నవంబరుని పోయిన నవంబరుతో, పదేళ్ళ సగటుతో పోలుస్తున్నారు. వానకి ముందు అంకెని వాన తర్వాత అంకెతో పోల్చి "పెరిగిందోచ్" అనుకోకుండా ఉండడానికి ఇదొక్కటే మార్గం. తప్పంతా దేశం మొత్తానికి వచ్చిన ఒక్క అంకె పట్టుకుని నిద్రపోయే మనలాంటివాళ్ళది.

మా మండలం సంగతి చూశా. పచ్చ రంగే. 2021, 22ల్లో మా వైపు వరదలొచ్చేంత వానలు పడ్డాయి. హంద్రీనీవా కాలవ కృష్ణా నీళ్ళతో కొన్ని చెరువులు నిండాయి. అయితే మా ఊరి చెరువుకి ఆ కాలవ రాదు. మండలం పచ్చ, మా తోట ఎండ. ఇంకా చిన్న ముక్కలోకి వెళ్ళాలి. వెళ్తే మిగిలేది ఇక మా పొలమే.

కాబట్టి మా పొలానికే లెక్క కట్టా. శుద్ధ తప్పు లెక్కే అనుకోండి, అయినా చూడండి.

ఖర్చు: ఎకరానికి 100 చెట్ల చొప్పున ఐదెకరాలకి 500. చెట్టుకి రోజుకి 60 లీటర్లు, ఏడాదిలో ఓ 200 రోజులు. మొత్తం 60 లక్షల లీటర్లు.

రాబడి: మాది నల్లరాయి నేల. అంటే పైన కొంత లోతు దాకా మెత్తబడ్డ రాయి, దాని కింద గట్టి గ్రానైటు. అలాంటి చోట పడ్డ వానలో పదో వంతు అటూఇటూగా భూమిలోకి ఇంకుతుందని ప్రభుత్వ ప్రమాణాలు. 550లో పదో వంతు 55 మిల్లీమీటర్లు. ఎనిమిదెకరాల మీద అది దాదాపు 18 లక్షల లీటర్లు.

60 భాగించు 18. మూడొందల ముప్పై శాతం పైమాటే. పంజాబుని చూసి అయ్యో పాపం అన్న నేను, మా ఇంట్లో దానికి రెట్టింపు పెట్టుకున్నా.

మరి ఇన్నేళ్ళూ చెట్లు ఎలా బతికాయి? ఈ ప్రశ్నే నన్ను సరిగ్గా నిద్రపోనివ్వలేదు. భూమి కింద గట్లుండవు కదా. మా చుట్టూ ఉన్న పొలాల్లో చాలావరకు బోర్లు లేవు. వానకి వేరుశనగ వేస్తారు, వస్తే వచ్చింది లేకపోతే లేదు. వాళ్ళ పొలంలో ఇంకిన వాన మెల్లిగా మా బోరు వైపు వస్తోంది. నేను చదువుకున్న చదువులో, కట్టిన ఫీజులో, వాళ్ళెవరూ లెక్క వెయ్యని వాళ్ళ నీళ్ళున్నాయి. వాళ్ళ పిల్లలు కూడా ఈ మధ్య బోర్లు వేయించడం మొదలుపెట్టారు. వద్దనడానికి మనమెవరం?

* * *

ఆ శనివారం ఊరికెళ్ళా. లాప్‌టాప్ తెరిచి మా నాయనకి ఇవన్నీ చూపించా. ఆయన ఓపిగ్గా అంతా చూసి, లేచి, "దా" అని మోటారు షెడ్డు దగ్గరికి తీసుకెళ్ళాడు.

లోపల గోడ మీద బొగ్గుతో రాసిన అంకెలు. చిన్నప్పట్నుంచీ ఆ షెడ్డులోకి వెళ్ళి వస్తూనే ఉన్నా, ఒక్కసారీ పట్టించుకోలేదు. ప్రతి ఉగాదికీ, మళ్ళీ దసరాకి మోటారుకి పసుపు కుంకుమ పెట్టి పూజ చేసేటప్పుడు, మోటారు ఎన్ని గంటలు ఆగకుండా నీళ్ళు తోలుతోందో, ఎప్పుడు గాలి తన్నుతోందో చూసి రాసి పెట్టాడట. 2016లో ఈ బోరు వేసినప్పట్నుంచీ ఉన్నాయి.

ఉగాది అంకెలు మాత్రం చెప్తా. 2017లో 4 గంటలు. 2018లో 3. 2019లో ఒకటిన్నర. 2020లో 3. 2021లో 5. 2022లో 9. 2023లో 9. 2024లో రెండున్నర.

నాకు నోట మాట రాలేదు. ఒకే చోట, ఒకే పద్ధతిలో, వానకి ముందొకసారి వాన తర్వాతొకసారి, ఎనిమిదేళ్ళు తీసిన కొలతలు! నేను చూపించిన ప్రపంచ సూచికలన్నిటికంటే మా తోట సంగతి ఈ గోడకే బాగా తెలుసు.

అయితే ఇంజనీరు బుర్ర ఊరుకోదు కదా. 2022, 23 రెండేళ్ళూ 9 అని ఎందుకుందో ఆలోచిస్తే దొరికింది. పగలు కరెంటు ఇచ్చేదే తొమ్మిది గంటలు! అంటే నీళ్ళు ఎంత పైనున్నా గోడ 9 కంటే ఎక్కువ చూపించలేదు. 2022 ఉగాదికీ 2023 ఉగాదికీ మధ్య నీటిమట్టం చాలా కిందికి దిగి ఉండొచ్చు, అయినా అంకె కదల్లేదు. మీటరు ముల్లు చివరికి అతుక్కుపోయిందన్నమాట. హెచ్చరిక రావాల్సిన ఏడాది రాలేదు. ఆ ఏడాదే మా నాయన ధైర్యం చేసి చెట్లకి నీళ్ళు పెంచాడు.

అప్పుడు ఇద్దరం కలిసి ఇంకో పని చేశాం. మోటారు తీసేసిన పాత బోరు ఒకటుంది. నైలాను తాడుకి పది అడుగులకొక ముడి వేసి, చివర బరువు కట్టి, పొద్దున్నే చుట్టుపక్కల మోటార్లు వెయ్యకముందే అందులోకి వదిలాం. మా నాయన చెవి పెట్టి విన్నాడు. నీళ్ళు తగిలిన చప్పుడు 212 అడుగుల దగ్గర. అది గోడ మీద రాశాం, తారీఖు వేసి.

బోరు సంగతి ఆ సాయంత్రం మాట్లాడుకున్నాం. గ్రానైటులో నీళ్ళు ఎక్కువగా ఉండేది పైన మెత్తబడ్డ పొరలోనే. కిందికి పోయేకొద్దీ పగుళ్ళు తగ్గుతాయి, ఉన్నవాటిల్లో నీళ్ళు కొద్దే, మళ్ళీ నిండడానికి చాలా కాలం పడుతుంది. తొమ్మిది వందల అడుగుల్లో రెండించుల నీళ్ళు పడొచ్చు. పడితే అవి పొదుపు ఖాతాలో పాత డబ్బు. జీతం కాదు. ఇదంతా చెప్పాను. మా నాయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. చివరికి ఒకటే అడిగాడు.

"ఏ రెండెకరాలు?"

రోడ్డు వైపు రెండెకరాలు వదిలేశాం. 200 చెట్లు, పెద్దవే, కాపు మీదున్నవి. నీళ్ళు ఆపేశాక చీని చెట్టు ఒక్కసారిగా చావదు. ముందు ఆకు ముడుచుకుంటుంది, తర్వాత రాలుతుంది. మా అమ్మ ఆ వైపు వెళ్ళడం మానేసింది. మిగతా మూడెకరాలకి పాదుల్లో ఎండుగడ్డి కప్పి, చెట్టుకి 45 లీటర్లు చేశాం. కొత్త లెక్క 27 లక్షల లీటర్లు, 18తో భాగిస్తే 150 శాతం. అంత చేసినా మేమింకా పంజాబు పక్కనే ఉన్నాం, చూశారా.

మూడు నెలలకి పక్క పొలం ఆయన బోరు వేయించాడు. 850 అడుగులు. రెండించుల నీళ్ళు పడ్డాయి. మా నాయన వారం రోజులు నాతో ఫోన్లో మాట్లాడలేదు.

* * *

ఆయన కోపంలో న్యాయం ఉంది. నీళ్ళు అందరివీ అయినప్పుడు ఒక్కడు లెక్క రాసుకుంటే లాభం ఎంత? నేను వదిలిన నీళ్ళు చెరువులోకి పోలేదు, పక్కాయన మోటారులోకి పోయాయి. కొత్త బోరుకి అనుమతి కావాలని, బోరుకీ బోరుకీ మధ్య ఇంత దూరం ఉండాలని 2002 నాటి వాల్టా చట్టం ఉంది. మా వైపు ఆ చట్టాన్ని ఎంతమంది అడిగి బోర్లు వేస్తున్నారో నేను చెప్పక్కర్లేదు.

ఈ సమస్యకి జవాబు మా జిల్లాలోనే ఒకసారి దొరికిందన్నది నాకు ఆలస్యంగా గుర్తొచ్చింది. చిన్నప్పుడు పక్క ఊళ్ళో ఒక గోడ మీద గీసిన పట్టిక ఉండేది. ఇంత వాన, ఇన్ని మీటర్ల లోతు అని అంకెలు. అదేదో పరీక్షల ఫలితాలనుకునేవాణ్ణి. అది ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో 2003 తర్వాత కొన్నేళ్ళు నడిచిన ప్రాజెక్టు. రైతులే భూగర్భజలాలు చూసుకునే పథకం. అనంతపురం, కడప, కర్నూలు, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో ఆరు వందలకి పైగా పల్లెల్లో జరిగింది. వాన కొలిచే డబ్బా రైతు చేతిలో. బోరు లోతు కొలిచే పరికరం రైతు చేతిలో. వానాకాలం అయిపోగానే అందరూ కూర్చుని, ఎన్ని నీళ్ళున్నాయి, ఈ రబీలో ఎవరెవరు ఏం వేద్దామనుకుంటున్నారు, అన్నిటికీ కలిపి ఎన్ని నీళ్ళు కావాలి అని బడ్జెట్టు వేసేవాళ్ళు. చాలకపోతే? ఏమీ లేదు. జరిమానా లేదు, నిషేధం లేదు. అంకె అందరి ముందూ ఉండేది, అంతే. వరి వేద్దామనుకున్నవాడు ఇంటికెళ్ళి ఆలోచించుకునేవాడు. చాలాచోట్ల నీళ్ళ వాడకం నిజంగానే తగ్గిందని తర్వాత దాన్ని పరిశీలించినవాళ్ళు రాశారు.

మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో పని చేసింది కూడా ఇదే కదా! తేడా ఏంటంటే మేం తప్పు అంకెని అందరి ముందూ పెట్టాం. వాళ్ళు సరైన అంకెని పెట్టారు.

పక్క ఊరి గోడ మీద ఇప్పుడు సిమెంటు ప్రకటన ఉంది.

* * *

ఇంతకీ ఏం తేలింది? నాకు తేలినవి చెప్తా, తప్పయితే దిద్దండి. ఎంత వాడుతున్నామన్నది ఒక్కటే కొలిస్తే సరిపోదు, ఎంత మిగిలిందో కొలవాలి. సగటు ఎంత పెద్ద ప్రాంతానిదైతే అంత అబద్ధం చెప్తుంది. ఒక ఏడాది అంకె వాన గురించి చెప్తుంది, పదేళ్ళ అంకెలు మన గురించి చెప్తాయి. అన్నిటికంటే ముఖ్యం, ఆ అంకె తోడేవాడి కళ్ళ ముందు ఉండాలి, నా లాప్‌టాప్‌లో కాదు.

2024 దసరాకి తాడు 168 అడుగుల దగ్గర తడిసింది. 2025 ఉగాదికి 196. మోటారు 4 గంటలు ఆడింది. ఉగాదికీ ఉగాదికీ చూస్తే 16 అడుగులు మెరుగు. చెట్లు తీసేసినందుకా, ఆ అక్టోబరులో వాన దంచినందుకా? ఒక్క ఏడాదితో తేలదు. తేల్చి చెప్పేస్తే నా లెక్క కూడా కాకి లెక్కే అవుతుంది. రోడ్డు వైపు రెండెకరాల్లో కంది వేశాం.

ఒకటి మాత్రం మారింది. మా నాయన అంకెల్ని షెడ్డు లోపలి గోడ మీంచి బయటి గోడ మీదికి మార్చాడు, రోడ్డున పోయేవాళ్ళకి కనపడేట్టు. నేను చెప్పలేదు, ఆయనే చేశాడు. మొన్నొకరోజు ఫోన్లో, "పక్కాయన వచ్చి తాడు అడిగినాడు రా, వాళ్ళ బోరు గూడా సూస్తాడంట" అన్నాడు. గొంతులో కోపం లేదు.

మా అపార్ట్‌మెంటు షీటులో కూడా ఇప్పుడొక కొత్త కాలం ఉంది, బోరులో నీళ్ళ లోతు. ఎండిపోయిన రెండు బోర్లలో ఒకదాంట్లోకి వాన నీళ్ళు వదిలే గుంత తవ్వించాం. ట్యాంకరు నీళ్ళ కాలం పేరు 'సప్లై' నుంచి 'అప్పు' అని మార్చా. మీటింగులో ఒకరిద్దరికి నచ్చలేదు. అలాగే ఉంచా.

మీ బిల్డింగు బోరులో నీళ్ళు ఎన్ని అడుగుల లోతులో ఉన్నాయో మీకు తెలుసా? పోనీ మీ ఊళ్ళో మీ నాన్నగారి బోరులో? ఈసారి ఫోన్ చేసినప్పుడు ఒక్కసారి అడగండి. మీ షెడ్డు గోడ మీద కూడా ఏమైనా రాసి ఉందేమో.